వంటింటి దుబాసీ

మా హెడ్మాస్టరమ్మకి,

ఇక్కడ నేను కులాసా. ఇల్లు కులాసా. నీ కుండీల్లో మొక్కలన్నీ కులాసా, కిటికీ దగ్గరి గులాబీ తప్ప. దానికి నీళ్ళు ఎక్కువయ్యాయని ఎదురింటావిడా, తక్కువయ్యాయని నేనూ వాదించుకుంటూ ఉండగానే అది ఆకులు రాల్చేసింది. గోటితో గిల్లి చూస్తే కొమ్మ లోపల ఇంకా పచ్చగానే ఉంది, కాబట్టి నేను ఆశ వదులుకోలేదు. అక్కడ నువ్వూ, నీ బడీ, బళ్ళో నీ కోతిమూకా అందరూ చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం నిన్న అందింది. ఒకసారి గేటు దగ్గర నిలబడే చదివేశాను, ఇంకోసారి లోపలికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని చదివాను. రెండోసారి చదివితే మొదటిసారి నాకు తోచిన అర్థాలు చాలావరకు తప్పని తేలింది. ఏమైనా ఫోను కన్నా ఇదే నయం. ఫోన్లో నీ మాటలు సగం ఆ కొండగాలికే పోతున్నాయి, మిగతా సగం "ఆఁ? ఏంటీ?" అనుకోవడానికే సరిపోతున్నాయి. ఇన్నేళ్ళూ నేను ఓడ మీద నుంచి రాస్తే నువ్వు ఇంట్లో కూర్చుని చదివేదానివి. ఇప్పుడు ఉద్యోగం నీది, ఇల్లు నాది. పోస్టుమాన్ సైకిలు బెల్లు కోసం చెవులు రిక్కించి కూర్చోవడం ఎలా ఉంటుందో ఈ వయసులో నాకూ తెలిసొస్తోంది.

అడిగిన వాటికి జవాబులు రాయకపోతే ఎర్రసిరాతో సున్నాలు చుట్టి పంపిస్తావు కాబట్టి ముందు అవి కానిస్తాను. వంటింటి కప్పు కారడం ఆగింది. తాపీమేస్త్రి వచ్చి, గోడకి చెవి ఆనించి విని, తప్పు కప్పుది కాదు పైపుదని తేల్చాడు. మోకాలు మెట్లెక్కేటప్పుడు నన్ను తిడుతుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. దుప్పట్లు ఉతికించాను. ఒక్కణ్ణే కదా అని హోటలు తిండి తింటున్నానేమో అన్నావు. ఓడలో పెద్ద పెద్ద గంగాళాలకి అలవాటుపడిన చెయ్యి ఇది, ఒక్కడికి వండడం ఎలాగో దీనికి ఇంకా పట్టుబడలేదు. ఎంత తగ్గించి వేసినా నలుగురికి సరిపడా తయారవుతోంది. మిగిలిందంతా ఎదురింటికి పోతోంది. అంత తిని కూడా ఆవిడ నా మీద నీకు చాడీలు రాసిందంటే నా వంటలో ఉప్పు తగ్గిందేమో చూసుకోవాలి.

ఇక ఆ చాడీ సంగతి. "వారానికి రెండు మూడు రోజులు ఆస్పత్రికి పోతున్నారట. మొన్న అంబులెన్సు వచ్చి మిమ్మల్ని ఎక్కించుకుపోయిందట. ఎదురింటి కండక్టరు గారి భార్య కళ్ళారా చూసిందట. నాకు చెప్పకుండా ఏం జబ్బు దాస్తున్నారు?" అని రాశావు. ఆ చివరి మాట దగ్గర నీ పెన్ను కాగితాన్ని చింపినంత పని చేసింది.

జబ్బేమీ లేదు. ఒట్టు. నీకు ఒట్లు నచ్చవు కాబట్టి ఈ ఒట్టు నా మీద నేనే వేసుకుంటున్నాను. ఆస్పత్రికి పోతున్న మాట నిజం, అంబులెన్సు ఎక్కిన మాటా నిజం. కానీ పడుకుని పోలేదు. డ్రైవరు పక్క సీట్లో, చేతిలో సగం ఒలిచిన ఉల్లిపాయతో కూర్చుని పోయాను. అది ఎందుకో మొదట్నుంచీ చెబితేగానీ నువ్వు నమ్మవు.

వేసవి చివర్లో కళ్ళు చూపించుకుందామని పెద్దాస్పత్రికి వెళ్ళాను. చీటీలిచ్చే కిటికీ దగ్గర నాకు ముందు ఒక విదేశీయుడు నిలబడ్డాడు. నది మీద కొత్త వంతెన కట్టడానికి బయటి దేశం నుంచి పనివాళ్ళూ, వాళ్ళ కుటుంబాలూ వచ్చారని రాశాను గుర్తుందా, వాళ్ళలో ఒకడు. పచ్చ టోపీ చంకలో పెట్టుకుని, నడుం పట్టుకుని వంకర తిరిగిపోతున్నాడు. కిటికీలో గుమాస్తా అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు, ప్రతిసారీ గొంతు పెంచుతున్నాడు. గట్టిగా అరిస్తే తెలుగు కాస్తా ఆ భాష అయిపోతుందని అతని నమ్మకం కాబోలు. చివరికి ఆ పచ్చటోపీ మనిషి ఓపిక నశించి తనలో తను ఒక బూతు తిట్టుకున్నాడు.

ఆ తిట్టు వినగానే నాకు నవ్వాగలేదు. నేను ఓడలో చేరిన కొత్తలో నాకు పని నేర్పిన రెండో వంటవాడు, ఆ గుమ్మటంలాంటి మనిషి, రోజూ పొద్దున్నే నన్ను నిద్రలేపింది ఆ తిట్టుతోనే. నీకు ఆ భాష ఎరుకే. సెలవులకి వచ్చినప్పుడు నేను దాంట్లో నాలుగు ముక్కలు మాట్లాడితే "గొంతులో ముల్లు దిగినట్టు ఏమిటండీ ఆ గరగర!" అనేదానివి. అప్పట్నుంచి మనింట్లో దాని పేరు గరగర భాషే అయింది.

నేను నవ్వగానే వరసలో అందరూ నావైపు తిరిగారు. వాళ్ళలో పెద్ద సిస్టరు కూడా ఉంది. నర్సులందరికీ పైఅధికారి. ఆవిడ నడిచొస్తుంటే వరండాలో బెంచీలు కూడా సర్దుకుని కూర్చుంటాయి.

"ఎందుకు నవ్వారు?" అంది.

"అతనన్నది అర్థమైంది సిస్టర్."

"ఏమన్నాడు?"

"నలుగురిలో చెప్పేది కాదండీ."

"అయితే ఆ భాష వచ్చన్నమాట. రండి నాతో."

అంతే, నా కళ్ళ సంగతి ఆరోజుకి మూలబడింది. అతన్ని డాక్టరు దగ్గర కూర్చోబెట్టారు, పక్కన నన్ను నిలబెట్టారు. తీరా చూస్తే నాకొచ్చిన భాషంతా వంటింటి భాష. కూరగాయల పేర్లు, గిన్నెల పేర్లు, కేకలు, తిట్లు. నొప్పి ఎలా ఉందని డాక్టరు అడిగితే దాన్ని ఎలా అడగాలో తెలీక "ఉడుకుతోందా, వేగుతోందా?" అని అడిగాను. అతను నొప్పి మరచిపోయి నా మొహం చూశాడు. తర్వాత "వేగుతోంది! ఉండుండి ఎవరో మూకుడులో నూనె పోస్తున్నట్టుంది" అన్నాడు. అదే తెలుగులో చెప్పాను. డాక్టరు తలూపి, "మూత్రపిండంలో రాయి అయ్యుంటుంది, ఫోటో తీద్దాం" అన్నాడు. రాయే.

ఆ తర్వాత అలాంటివాళ్ళు వచ్చినప్పుడల్లా నాకు కబురు రావడం మొదలైంది. వంతెన కంపెనీకి దుబాసీ ఉన్నాడట గానీ, అతను ఇంజనీర్ల వెంట పని దగ్గరే ఉండాలి, ఆస్పత్రికి రావడానికి కుదరదు. నేను జీతం ఏమీ వద్దన్నాను. మధ్యాహ్నం భోజనం పెడతామన్నారు. ఆ వంట తిన్నాక అదీ వద్దన్నాను.

మొదటిరోజే పెద్ద సిస్టరు నాకో నియమం పెట్టింది. "రోగి ఏమంటే అదే చెప్పాలి. డాక్టరు ఏమంటే అదే చెప్పాలి. ఒక్క ముక్క తగ్గకూడదు. మీ సొంత మసాలా అసలు పడకూడదు" అంది. ముప్పై ఏళ్ళు మసాలా నూరుకుని బతికినవాడికి ఆ మాట చెప్పడం చూడు! కానీ పట్టుకున్నాను. ఒకరోజు ఒక వెల్డరు, వేలికి కుట్లు వేయించుకుంటూ, "ఈ బట్టతలాయనకి పని వచ్చా?" అని నన్నడిగాడు. నియమం నియమమే కదా. మొహం పక్కకి తిప్పుకుని అదే చెప్పాను. డాక్టరు కుట్టు ఆపకుండానే, "వచ్చని చెప్పండి. జుట్టు నిలబెట్టుకోవడం ఒక్కటే రాలేదని చెప్పండి" అన్నాడు. వెల్డరు నవ్విన నవ్వుకి రెండో కుట్టు పడిన సంగతే అతనికి తెలీలేదు. ఆ డాక్టరే నాకు "వంటింటి దుబాసీ" అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఊడ్చే ఆవిడ దగ్గర్నుంచి అందరూ "దుబాసీ గారూ" అనే పిలుస్తున్నారు.

ఇక అంబులెన్సు. నెల రోజుల కిందట ఒక మధ్యాహ్నం పులుసులోకి ఉల్లిపాయలు ఒలుస్తుంటే గేటు ముందు అది ఆగింది. "పెద్ద సిస్టరు ఉన్నపళంగా తీసుకురమ్మంది, ఎక్కండి" అన్నాడు డ్రైవరు. ఎక్కాను. ఎదురింటావిడ పిట్టగోడ మీద నుంచి చూసిందంటే అదే. ఆవిడ గాభరాగా చెయ్యూపితే నేనూ ఊపాను. ఉల్లిపాయ ఘాటుకి నా కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. అది చూసి ఆవిడ ఏమనుకుందో నీకు వచ్చిన ఉత్తరాన్ని బట్టి అర్థమైంది.

తీరా చూస్తే తీసుకెళ్ళింది పురుళ్ళ గదికి.

గుమ్మం దగ్గరే కాళ్ళు బిగబట్టాను. "సిస్టర్, నేను మగాణ్ణి" అన్నాను.

"ఆ సంగతి తెలుసు. ఆ అమ్మాయి మొగుడు వంతెన పని మీద నది మధ్యలో ఉన్నాడు, పడవ వెళ్ళి తీసుకురావాలి. ఈలోపు డాక్టరమ్మ చెప్పేది పిల్లకి అర్థం కావట్లేదు, పిల్ల చెప్పేది డాక్టరమ్మకి అర్థం కావట్లేదు. తొలి కాన్పు. భయపడిపోతోంది. తెర అడ్డం పెడతాం, మీరు గోడవైపు తిరిగి కూర్చోండి. ఆ అమ్మాయినీ సైగలతో అడిగాను, సరేనంది."

చక్రాల మీద నడిచే ఆకుపచ్చ తెర ఒకటి లాగారు. నన్ను దాని ఇవతల ఇనప స్టూలు మీద కూర్చోబెట్టారు. నా ఎదురుగా గోడా, గోడకో చేతులు కడుక్కునే తొట్టీ, దాని మీద ఊడిపోతున్న సబ్బుపెట్టే. అంతే నాకు కనిపించేది. మిగతాదంతా వినడమే.

డాక్టరమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది, కానీ తొణకని గొంతు. "ఇప్పుడు నొప్పి రాగానే ముక్కమనండి" అంది. నాకు చెమటలు పడుతున్నాయి. చెవుల్లో హోరు. "ముక్కు! ముక్కు!" అని అవతల నర్సు అరుస్తోంది. నేనూ ఆ భాషలో గొంతెత్తి "ముక్కు! ముక్కు!" అని అరిచాను. మొహం మీద ఉండే ముక్కు!

పెద్ద సిస్టరు తెర మీద నుంచి తల పెట్టింది. "ఏం చెప్పారండీ? ఆ పిల్ల నొప్పులు పడుతూ పడుతూ ముక్కు పట్టుకుంది!"

నాకు తల కొట్టేసినట్టయింది. "ఆ ముక్కు కాదు బాబూ, బలమంతా పెట్టి బిడ్డని బయటికి తొయ్యమనండి" అంది. తొయ్యడం. ఆ మాట నాకు వచ్చు. కానీ ఎలా వచ్చంటే, రెండో వంటవాడు పిండి బస్తాల దగ్గర మమ్మల్ని అదిలించిన తీరులోనే వచ్చు. ఇంకో తీరు నాకెవరూ నేర్పలేదు. సరే అని కళ్ళు మూసుకుని, "తొయ్యి! తొయ్యవే ఎండుచేపా! ఓడ మునిగినట్టు తొయ్యి!" అని కేక పెట్టాను.

తెర అవతల నవ్వు. ఆ నొప్పుల మధ్య నవ్విందంటే నమ్ము. "ఎవరది? రేవులో తాగి పడుకునే మా మేనమామలా మాట్లాడుతున్నాడు!" అంది. వెంటనే నొప్పి వచ్చినట్టుంది, నవ్వు కాస్తా పెడబొబ్బ అయి, అందులో నన్నూ నా వంశాన్నీ కలిపి ఒక తిట్టు తిట్టింది. అంత దూరం వచ్చాక ఎందుకులే అని అదీ తెలుగులో చెప్పాను. "తిట్టనివ్వండి, తోస్తోంది కదా" అంది డాక్టరమ్మ.

అలా ఒకరి మాట ఒకరికి అందిస్తూ చాలాసేపు గడిచింది. నా గొంతు కూడా కుదుటపడింది. అంతలో డాక్టరమ్మ మాట మారింది. అరవలేదు. ఇంకా మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "ఆపమనండి. ఇప్పుడు అస్సలు ముక్కకూడదు. బొడ్డుతాడు బిడ్డ మెడకి చుట్టుకుంది, నేను తియ్యాలి. నోటితో చిన్న చిన్నగా ఊపిరి వదలమనండి."

బొడ్డుతాడు అన్న మాట నాకు రాదు. ఊపిరి వదలడం అన్న మాట రాదు. తోసెయ్యాలని ఒళ్ళంతా పోరుతున్నప్పుడు ఆపడం మాటలా! నాకు తెలిసిన వాటిల్లో, విన్నవాడు ఎక్కడివాడక్కడ ఆగిపోయే మాట ఒక్కటే ఉంది. గంగాళం పొంగబోతుంటే వేసే కేక. "పొయ్యి మీంచి దించు!" అని అరిచాను. "దించు, దించు! చెయ్యి పెట్టకు! ఇప్పుడు చెంచాలో సూపుంది, పొగలు కక్కుతోంది. నాలుక కాలుతుంది. ఊదు. మెల్లగా ఊదు. ఇంకా కాలుతూనే ఉంది, ఊదు."

నేనూ గోడవైపు తిరిగి ఊదాను, ఆ అమ్మాయికి వినబడేట్టు. ఫూ, ఫూ, ఫూ. కాసేపటికి తెర అవతల నుంచి కూడా వినిపించింది. ఫూ, ఫూ. మధ్యలో వణుకుతోంది గానీ ఆపలేదు. "అలాగే, సరిగ్గా అలాగే ఊదమనండి" అంటోంది డాక్టరమ్మ. పెద్ద సిస్టరు కూడా ఊదుతున్నట్టు వినిపించింది. ఎన్ని చెంచాల సూపు ఊదామో తెలీదు.

"వచ్చేసింది" అంది డాక్టరమ్మ. చెప్పాను.

కానీ ఏడుపు వినబడలేదు.

ఆ అమ్మాయి అడిగింది, "ఏడవట్లేదేం?" అదే తెలుగులో అడిగాను. ఎవరూ జవాబివ్వలేదు. అడుగుల చప్పుడు, ఏదో గొట్టంతో పీలుస్తున్న చప్పుడు, మెత్తగా తడుతున్న చప్పుడు. "ఏడవట్లేదేం? చెప్పు!" అని మళ్ళీ అడిగింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ జవాబు లేదు.

"అంతా బాగానే ఉంది" అన్న మాట ఆ భాషలో నాకు నోటి చివరే ఉంది. వంటింట్లో ఏది మాడినా కెప్టెనుకి మేం చెప్పిన మాట అదే. చెప్పెయ్యాలని నాలుక కొట్టుకుపోయింది. చెబితే ఆ పిల్ల గుండె కాసేపైనా నిలబడుతుంది. కానీ బాగుందో లేదో నాకు తెలీదు. అక్కడ ఆమెకి అర్థమయ్యే గొంతు నాదొక్కటే. అదే అబద్ధమాడిందని తర్వాత తేలితే, ఇంకెవరి మాట నమ్ముతుంది? అందుకని, "అడిగానమ్మా. వాళ్ళు బిడ్డ దగ్గర పని చేస్తున్నారు. నాకింకా ఏమీ చెప్పలేదు. చెప్పిన క్షణంలో ఆ మాట నీకు చేరుస్తాను. నేనిక్కడే ఉన్నాను, కదలను" అన్నాను. అన్నదేమిటో తెలుగులో వాళ్ళకీ చెప్పాను.

"కదలకు" అంది ఆ అమ్మాయి. తెర అంచు కింద నుంచి చెయ్యి ఇవతలికి వచ్చింది. పట్టుకున్నాను. ఆ పట్టుకి నా వేళ్ళెముకలు కరకరమన్నాయి.

అప్పుడు నాకు గుర్తొచ్చింది నువ్వే. మన అమ్మాయి పుట్టినప్పుడు నేను నడిసముద్రంలో ఉన్నాను. ఓడకి వైరు వచ్చింది, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అని. నేను ఎగిరి గంతేసి ఆరోజు ఓడలో అందరికీ పాయసం వండాను. జరిగిందంతా ఆ వైర్లో ఉందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ స్టూలు మీద కూర్చున్నాకే తెలిసింది, ఆ మాటల ముందు ఎంత జరిగి ఉంటుందో, అది వైర్లో పట్టదని. నీకు ఓపికున్నప్పుడు, నేను వచ్చినప్పుడు, ఆరోజు సంగతి మొదట్నుంచీ చెబుతావా? తొందరేం లేదు.

సరే, ఇక్కడికి వస్తాను. ముందు పిల్లి కూన మూలిగినట్టు ఒక చిన్న శబ్దం. తర్వాత కాస్త పెద్దది. ఆ తర్వాత చూడూ, ఆస్పత్రి పెంకులు లేచిపోయేట్టు ఏడుపు! "చెప్పండి దుబాసీ గారూ, ఆడపిల్ల, బాగుంది" అంది డాక్టరమ్మ. చెబుదామంటే గరగర భాషంతా ఆవిరైపోయింది. నోట్లోంచి తెలుగే వచ్చింది. "ఆడపిల్లమ్మా, బాగుందమ్మా, బాగుంది" అంటూ అదే పదిసార్లు అన్నాను. ఆ అమ్మాయికి అర్థమైనట్టే ఉంది, చెయ్యి వదిలేసి ఏడ్చింది.

వాళ్ళాయన పడవ దిగి ఒంటినిండా సిమెంటుతో పరిగెత్తుకొచ్చేసరికి నేను వరండాలో బెంచీ మీద కూలబడి ఉన్నాను. సంగతి చెప్పగానే నన్ను కావలించుకుని గట్టిగా ఒక మాటన్నాడు. "ఏమంటున్నాడు?" అంది పెద్ద సిస్టరు. "సిస్టర్, ఇది వద్దులెండి" అన్నాను. "ఒక్క ముక్క తగ్గకూడదని చెప్పానా లేదా?" అంది. చెప్పాను. ఆవిడ చెవులు మూసుకుని, "సంతోషానికి కూడా తిట్లేనా వీళ్ళకి!" అంటూ వెళ్ళిపోయింది. మూల తిరిగాక నవ్వడం వినిపించింది.

ఇప్పుడు నేను వారానికి ఒకసారి వాళ్ళింటికి చదువుకోవడానికి పోతున్నాను. నవ్వకు. ఆ అమ్మాయే పిలిచింది. "బాబాయ్, నువ్వు మంచివాడివే గానీ నీ భాష వింటే పసిపిల్ల చెడిపోతుంది. కాస్త మర్యాద నేర్పుతాను రా" అంది. గుండె, ఊపిరి, బొడ్డుతాడు, కళ్ళు తిరగడం, ఇవన్నీ మర్యాదస్తుల మాటల్లో ఎలా అనాలో ఒళ్ళో బిడ్డని పెట్టుకుని నేర్పుతోంది. నేను తెలుగు నేర్పుతున్నాను. మొన్న సంతలో టమాటాలు మెత్తబడ్డాయని కూరగాయలవాడితో తెలుగులో పోట్లాడి వచ్చిందట. నీలాగే తప్పు చెబితే వేలు చూపించి మళ్ళీ చెప్పిస్తుంది. ఇన్నేళ్ళూ హెడ్మాస్టరమ్మని కట్టుకుని కూడా తప్పించుకున్న చదువు ఇప్పుడు ఇలా పట్టుకుంది నన్ను.

ఇంతవరకు చదివి నవ్వుకుంటూనే ఉంటావు. ఇప్పుడు రాయబోయేది రాయడానికి చెయ్యి రాకే ఇంత దూరం తిప్పుకుంటూ వచ్చాను. నీ ఉత్తరంలో ప్రశ్నల్లో ఒకదానికి నేను జవాబు ఎగ్గొట్టాను. నువ్వు కనిపెట్టే ఉంటావు. "నాకిచ్చిన క్వార్టర్సులో రెండో గదికి సున్నం వేయించాను. మీ రేడియోకి బల్ల కొన్నాను. సామాను సర్దుతున్నారా?" అని అడిగావు.

సర్దలేదు. పెట్టె అటక మీద నుంచి దించనే లేదు.

పోయిన సోమవారం ఆస్పత్రి పెద్దాయన తన గదిలోకి పిలిచాడు. పక్కన పెద్ద సిస్టరు కూడా ఉంది. వంతెన పని ఇంకో ఏడాది సాగుతుందట, మరిన్ని కుటుంబాలు వస్తున్నాయట. వారానికి మూడు రోజులు, ఒప్పుకున్నాక మధ్యలో మానకుండా, ఏడాది పాటు ఉంటానని మాటివ్వగలరా అని అడిగాడు. "ఇంట్లో అడిగి చెబుతానండీ" అన్నాను. ఆయన నవ్వాడు. "ఈ వయసులో కూడా ఇంట్లో అడగాలా?"

"ఇన్నాళ్ళూ మా ఇంట్లో ప్రతిదీ తనొక్కతే తేల్చుకుంది సార్. పిల్లకి జ్వరమొచ్చినా, గోడ కూలినా, అడుగుదామంటే నేను దొరికేవాణ్ణి కాదు. ఇప్పుడు దొరికాను. ఇప్పుడైనా ఇద్దరం కలిసి అనుకోవద్దూ?" అన్నాను. పెద్ద సిస్టరు, "అడిగే రండి. ఆవిడ ఏమంటే అదే, మసాలా లేకుండా వచ్చి చెప్పండి" అంది.

అందుకని అడుగుతున్నాను. నా మనసులో ఉన్నదీ దాచను. నాకు ఇష్టంగా ఉంది. చాలా ఇష్టంగా ఉంది. ఓడ దిగొచ్చాక ఈ ఇంట్లో పొద్దున్నే లేస్తే ఎవరికీ ఆకలి ఉండేది కాదు. నువ్వు బదిలీ అయి వెళ్ళాక మరీను. నీకు రాయలేదు గానీ ఒక్కోరోజు స్నానం చేసి, బట్టలు వేసుకుని, ఎక్కడికీ పోవడానికి లేక మళ్ళీ మడత కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఇప్పుడు అలా లేదు. నేను వెళ్ళేసరికి ఎవరో ఒకరు నడుం పట్టుకునో, పంటి మీద చెయ్యి పెట్టుకునో, నా మొహం కనబడగానే తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటున్నారు. అది నాకు తిండి కన్నా ఎక్కువగా ఒంటపట్టింది.

కానీ ఓడ దిగిన రోజు నీకిచ్చిన మాట మరచిపోలేదు. నువ్వెక్కడుంటే అక్కడే ఉంటానన్నాను. నా లెక్క ప్రకారం మూడు రోజులు ఇక్కడ, మిగతా రోజులు అక్కడ. పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నానికి నీ దగ్గర ఉంటాను, మోకాలు ఏమన్నా దాన్ని నేను చూసుకుంటాను. అయినా అది ఇచ్చిన మాటలో సగమే, పూర్తిగా కాదు. నువ్వు ఎదురుచూసింది సగం మనిషి కోసం కాదని నాకు తెలుసు. నువ్వు వద్దంటే నెలాఖరుకి పెట్టె దించుతాను, వచ్చేస్తాను. మొహం మాడ్చుకోకుండా వస్తాను. వాళ్ళు ఇంకెవరినో వెతుక్కుంటారు. ఆ అమ్మాయే అప్పటికి తెలుగులో ఆరితేరి నా స్టూలు లాక్కుంటుందేమో.

నీ జవాబు ఏదైనా నాకు సమ్మతమే. అవునంటే అవునని రాయి. కాదంటే కాదని రాయి, దాని కింద నాలుగు చీవాట్లు పెట్టినా సరే. "మీ ఇష్టం" అని మాత్రం రాయకు. గరగర భాషలో ఎంత కష్టమైన మాటకైనా ఇప్పుడు కాస్తో కూస్తో అర్థం చెప్పగలుగుతున్నాను గానీ, నువ్వనే ఆ రెండు మాటలకీ అర్థం ఏమిటో మాత్రం ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా నాకు అంతుపట్టలేదు.

ఇట్లు,
నీ మాట కోసం చూసే
మీ ఆయన